తిన్నోళ్ల జబ్బు మనకెట్ల వచ్చింది?

పోయిన వారం కేసీ కాలవ నీళ్లు ఎవరి పొలాలకు పారాయో రాశాను. ఈ వారం ఆ పొలాల తిండి ఎవరి పిల్లల ఒంటికి పట్టిందో రాస్తాను.

ఆళ్లగడ్డలో ఉండే మా అక్కకు నలభై రెండేళ్లు. బక్క మనిషి. మొన్న నంద్యాలలో రక్త పరీక్ష చేయిస్తే షుగర్ అన్నారు. "తిన్నోళ్లకొచ్చే జబ్బు మనకెట్ల వచ్చిందిరా?" అని అడిగింది. జవాబు వెతుక్కుంటూ నేను 1877 దాకా పోవాల్సి వచ్చింది.

మా చిన్నప్పుడు బొద్దుగా ఉన్న పిల్లోడు కనబడితే ఎవరింటి బిడ్డ అని అడిగే పనే లేదు. భూమున్న ఇంటి బిడ్డో, అంగడున్న ఇంటి బిడ్డో అయి ఉంటాడు. ఒంటి మీది కొవ్వు కూడా ఒక ఆస్తే. గాదెలో గింజలున్న ఇంట్లోనే అది పోగవుతుంది. మా పేటలో పిల్లల పక్కటెముకలు దూరం నుంచే లెక్కబెట్టొచ్చు. ఇది మన ఊరి ముచ్చటే కాదు. సోబల్, స్టంకార్డ్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1989లో 144 అధ్యయనాలు ముందేసుకుని చూస్తే, పేద దేశాల్లో ఉన్నోళ్లే లావు. ధనిక దేశాల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, లేనోళ్లే లావు. మనం ఇప్పుడు ఆ రెంటి మధ్య ఎక్కడో ఉన్నాం.

ఇక 1877. దక్షిణాదిని ఊడ్చిన 1876-78 కరువులో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. అప్పటికి నంద్యాల, ఆళ్లగడ్డ అందులోవే. కరువు పనుల ఖర్చు తగ్గించడానికి కలకత్తా సర్కారు సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపింది. ఆయన పనిచేసే మనిషి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొంచెం చిల్లరకు దించాడు. పౌనంటే 450 గ్రాములు. రాళ్లు కొట్టే మనిషికి! మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దీంతో మనుషులు చిక్కి చచ్చిపోతారని పోట్లాడాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు గానీ, అప్పటికి పోయినోళ్లు పోయారు. అంతకు ముందు 1866 కరువులో గంజి పోయించిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి పేరు సీమలో అందరికీ తెలుసు. ఆయన దానం గొప్పదే. ఆ గంజి తాగి బతికిన తల్లుల పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. నాకు కావాల్సింది ఆ తల్లుల కథ.

ఎందుకంటే బిడ్డ ఒళ్లు తల్లి కడుపులోనే మొదలవుతుంది. పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం పుట్టిన బిడ్డలను తూచింది. సగటు 2.7 కిలోలు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలు 3.5 కిలోలు. మన బిడ్డలకు కండ తక్కువ, అవయవాలు చిన్నవి. వీపు చర్మం మడత పట్టి కొలిస్తే మాత్రం అక్కడి కొవ్వు అంతగా తగ్గలేదు. తల్లికి తిండి చాలనప్పుడు కడుపులోని బిడ్డ కండను వదులుకుని కొవ్వును కాపాడుకుంటుందని వాళ్ల వివరణ. చూపుకు బక్క, లోపల కొవ్వు. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండ. అదే తక్కువైతే ఏమవుతుందో మా అక్కను చూస్తే తెలుస్తుంది. మా అమ్మ అక్కను కడుపున పెట్టుకుని, తొమ్మిదో నెల దాకా వరి నాట్లేసింది.

"అది మీ రక్తంలోనే ఉంది" అనేవాళ్లు తయారవుతారు. నమ్మొద్దు. హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ ఒక పరీక్ష చేసింది. కొన్ని ఊర్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. మిగతా ఊర్లలో అప్పటికింకా ఆ పథకం రాలేదు. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్యకు వచ్చాక మళ్లీ కొలిచారు. తిండి అందిన ఊర్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు పొడుగు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. ఒంటి కొవ్వులో మాత్రం రెండు వైపులా పెద్ద తేడా లేదు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది ఇది. సర్కారు తిండి పెడితే పేదోళ్లు బలిసిపోతారని టీవీల్లో మాట్లాడే పెద్దలకు చూపించండి. అక్కడ తిండి ఎముకై నిలబడింది.

అయితే ఏ తిండి? 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు ఇచ్చిన బియ్యం మా పేటలో పస్తులు ఆపింది. దాన్ని ఎగతాళి చేసేవాళ్లు ఎన్నడూ పస్తులున్నోళ్లు కాదు. కానీ జొన్న సంగటి, కొర్రన్నం వెనక్కి పోయి, తెల్లన్నమే పళ్లెమంతా నిండింది. పక్కన పప్పు పెరగలేదు. 1994లో విదేశీ పామాయిల్ దిగుమతికి తలుపులు తెరిచారు. చౌక నూనె వచ్చాక అయిదు రూపాయల చిప్స్ పొట్లం పేట అంగడి ముందు వేలాడింది. ఒకప్పుడు మా ఇంటి అన్నమైన కొర్రలు ఇప్పుడు నంద్యాలలో షుగరున్న ఆసాముల ఆహారం. కొందామంటే బియ్యం కంటే పిరెం.

ఇదంతా అక్కకు ఫోన్లో చెప్పాను. కూతురికిప్పుడు అయిదో నెల. అంతా విని, "అయితే దానికేం పెట్టాలో చెప్పు" అంది.

గుడ్లు, పప్పు, పాలు, బుడ్డలు అన్నాను.

"నాకు కూలెంత ఇస్తున్నారో తెలుసునా నీకు?" అంది.