ఎర్రగీత దాటిన ముల్లు

వేటపాలెం దాటేవరకు టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉంది. మా బావ దాని వంక చూడనే లేదు. ఎందుకు చూస్తాడు? కారు కొన్న పదేళ్లలో అది అక్కణ్ణుంచి కదిలింది లేదు. ఒంగోలు నుంచి రేపల్లెకు 216 జాతీయ రహదారి మీద వెళుతున్నాం. బావ తమ్ముడి కూతురికి తెల్లవారుజామున ముహూర్తం. మే నెల కావడంతో చీకటి పడినా సెగ తగ్గలేదు. బండి నిండా జనం, డిక్కీ నిండా సామాను, ఏసీ ఆఖరి నంబరు మీద ఉంది. చీరాల దీపాలు కనబడుతుండగా ముందు సీట్లో ఉన్న అక్క అంది: "ఏవండీ, ఆ ఎర్రలైటు ఏంటి వెలుగుతోంది?"

ముల్లు ఎర్రగీత దాటి పైకి పోయి ఆనింది. ఒకటి రెండు నిమిషాల్లో జరిగిన సంగతి అది.

"పేరాల వచ్చేశాంగా, ఎక్కడన్నా షెడ్డు దగ్గర ఆపుదాంలే" అన్నాడు బావ. అక్క ఒప్పుకోలేదు. "ముందు ఆపండి, తర్వాత మాట్లాడదాం" అని గట్టిగా అంది. ఆ రాత్రి ఇంజిన్ బతికిందంటే ఆ మాట వల్లే. ఇలాంటి డీజిల్ కార్ల ఇంజిన్లలో హెడ్డు అల్యూమినియం, బ్లాకు చాలావాటిలో పోత ఇనుము. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెండింతలు సాగుతుంది. ఎర్రగీత మీద ఇంకో రెండు కిలోమీటర్లు నడిపితే హెడ్డు వంగడానికి, గ్యాస్కెట్ పోవడానికి, ఖర్మ కాలితే పిస్టన్ పట్టేయడానికి ఆ దూరం చాలు.

పేరాలలో రోడ్డు పక్కకు తీసి ఇంజిన్ ఆపాం. బోనెట్ ఎత్తగానే ఆవిరి మొహానికి కొట్టింది. బావ తువ్వాలు చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వెయ్యబోయాడు.

"సార్! మూత ముట్టుకోవద్దు!"

అరిచింది ఎదురుగా షెడ్డుకు తాళం వేస్తున్న మేస్త్రి. అరవై దాటిన మనిషి. పరుగున వచ్చి బావ మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఆయన వద్దన్నాడు.

ఆయన ఆపింది ఎంత ప్రమాదాన్నో మన ఇళ్లల్లో చాలామందికి తెలియదు. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని బిగబట్టి ఉంచుతుంది. మామూలుగా నూరు డిగ్రీలకు మరిగే నీళ్లు, బయటి గాలి ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి ఉన్నచోట 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పిన క్షణాన ఆ ఒత్తిడి పోతుంది. అంతవరకు అణిగి ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతాయి. మొహం, ఛాతీ, చేతులు బొబ్బలెక్కుతాయి, కళ్లు పోవచ్చు. తువ్వాలు ఏ మాత్రం ఆపలేదు.

"గంట ఆగాల్సిందే" అన్నాడు మేస్త్రి. ముహూర్తం సంగతి చెప్పాం. "ఆడవాళ్లని, పిల్లల్ని అద్దె కారులో పంపించెయ్యండి బాబూ. బండి సంగతి నేను చూస్తా." ఆయనే ఫోన్ చేసి కారు పిలిపించాడు. అక్క, పిల్లలు వెళ్లిపోయారు. బావా నేనూ మిగిలాం.

పక్కనే ఒక నేతగాళ్ల ఇల్లు. అరుగు మీద మాకు చోటిచ్చి, బిందెతో మంచినీళ్లు తెచ్చిపెట్టారు. ఆ ఇంటి పెద్దాయన ఊరి కబుర్లలో పడి 1921 దగ్గరికి వెళ్లాడు. మునిసిపాలిటీ పన్ను కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఇళ్లు వదిలి, ఊరవతల రామనగర్ అని పాకలు వేసుకుని పదకొండు నెలలు గడిపిన ఊళ్లు ఇవి. మర్నాటి పెళ్లి గురించి కుమిలిపోతున్న బావ ఆ కథ వింటూ కొంచెం కుదుటపడ్డాడు.

ఇంజిన్ చల్లారుతుండగా మేస్త్రి స్పానర్ ముట్టుకోలేదు. మమ్మల్ని ప్రశ్నలు అడిగాడు. నాకు ఆయన మీద గురి కుదిరింది అక్కడే.

"ఊళ్లో మెల్లిగా పోతుంటే ఎక్కిందా, రోడ్డు మీద స్పీడులో ఎక్కిందా?" స్పీడులోనే అన్నాం. "అయితే ఫ్యాను మీద అనుమానం తక్కువ. స్పీడులో గాలి దానంతటదే కొడుతుంది." "రోజూ కాస్త కాస్త పెరుగుతూ వచ్చిందా?" లేదు, ఒక్కసారే. "నీళ్లు తగ్గుతున్నాయా?" నెలకోసారి కాస్త పోస్తున్నానన్నాడు బావ. "ఏం నీళ్లు?" ఇంట్లో బోరు నీళ్లు. మేస్త్రి ఏమీ అనలేదు, తల పంకించాడంతే.

చేత్తో తాకి చూసుకుని మూత తీశాడు. నీళ్లు పెద్దగా తగ్గలేదు, కానీ ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా ఉన్నాయి. కింద ఎక్కడా కారిన తడి లేదు. బెల్టు బిగువుగానే ఉంది. ఆయిల్ మూత అడుగున తెల్లటి నురగ లేదు, అంటే ఆయిల్లో నీళ్లు కలవలేదు. ఇంజిన్ స్టార్ట్ చేయించి రేడియేటర్ నోట్లోకి టార్చి వేశాడు. బుడగలు రావడం లేదు. "హెడ్ గ్యాస్కెట్ బాగానే ఉన్నట్టుంది, అదృష్టవంతులు."

మూత బిగించి, ముల్లు మీద ఒక కన్ను వేసి ఉంచాడు. అది మెల్లగా ఎక్కుతుండగా పై హోసు పైపు పట్టుకున్నాడు, వెంటనే చెయ్యి తీసేశాడు. కింది పైపు పట్టుకుని నా చెయ్యి కూడా అక్కడ పెట్టించాడు. చల్లగా ఉంది. "పైన కాగిపోతోంది, కింద చల్లగా ఉంది. నీళ్లు తిరగట్లేదు."

తిరగకపోవడానికి మూడు దారులు. థర్మోస్టాట్ మూసుకుని ఉండిపోవాలి, రేడియేటర్ పూడిపోవాలి, లేదా పంపు పోవాలి. వీటిని విడదీయడానికి ఆయన చేసిన పని చూసి ఆశ్చర్యపోయాను. కారు లోపలికి వచ్చి హీటర్ పూర్తిగా తిప్పాడు. మే నెలలో హీటరు! ఇంజిన్ అంత కాగి ఉన్నా హీటర్ నుంచి మామూలు గాలే వచ్చింది.

"చూశారా? ఈ బండిలో హీటరుకి పోయే నీళ్లకి థర్మోస్టాట్ అడ్డం కాదు, రేడియేటరూ అడ్డం కాదు. పంపు నేరుగా నెడుతుంది. అక్కడికే రావట్లేదంటే నెట్టేది నెట్టట్లేదు." ఇంజిన్ ఆపేయించాడు.

బావ నమ్మలేదు. పోయిన ఏడాది వేరే ఊళ్లో ఒకచోట, మన వేడికి థర్మోస్టాట్ అక్కర్లేదు, పీకేద్దామని చెప్పారట. దోషి అదేనని బావ పట్టుదల. మేస్త్రి వాదించకుండా మళ్లీ చల్లారనిచ్చి, దాన్ని ఊడదీసి, నేతగాళ్ల ఇంట్లో మూరెడు నూలుపోగు అడిగి తెచ్చి దానికి కట్టాడు. పక్క టీ బంకులో మరుగుతున్న నీళ్లలోకి గిన్నె అడుగు తగలకుండా దించాడు. ముగ్గురం గిన్నె మీదకు వంగాం. కొద్దిసేపట్లో ఇత్తడి బిళ్ల అంచున సన్నటి సందు కనిపించింది. చూస్తుండగానే చిటికెనవేలు దూరేంత తెరుచుకుంది. పైకి తీసి గాలికి పట్టుకుంటే మెల్లగా మూసుకుంది.

అందులో ఉండేది చిటికెడు మైనం. 1930ల్లో సెర్జియస్ వెర్నెట్ రూపొందించిన ఏర్పాటు ఇది. మైనం కరిగి ఉబ్బి, తలుపును నెడుతుంది. చాలా కార్లలో 80 నుంచి 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. ఇంజిన్ త్వరగా వేడెక్కి, ఆ వేడి దగ్గరే నిలకడగా నడవడానికి అది కావాలి. దాన్ని పీకేస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజిన్లలో నీళ్లు అడ్డదారి పట్టి వేడి పెరుగుతుంది కూడా. మన ఊళ్లలో ఏ బండి కాగినా మొదటి శిక్ష థర్మోస్టాట్‌కే పడటం అన్యాయం.

థర్మోస్టాట్ తప్పు లేదని తేలాక ఇక పంపే మిగిలింది. నీళ్ల బెడద కార్లకు మొదటినుంచీ ఉన్నదే. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన భర్త చేసిన మూడు చక్రాల కారును మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు నడిపినప్పుడు నీళ్లు మరిగి ఆవిరైపోతుంటే దారి పొడవునా దొరికినచోటల్లా నింపుకుంటూ వెళ్లింది. అందులో రేడియేటర్ లేదు. ఇవాళ్టి ఇంజిన్‌లో అవే నీళ్లు మూసిన దారిలో తిరుగుతూ ఉంటాయి. డీజిల్ కాలిన వేడిలో సుమారు మూడోవంతును మోసుకెళ్లేది ఆ నీళ్లే. వాటిని తిప్పే పంపు ఆగితే నిమిషాల్లో ఎర్రగీత.

పొద్దున్నే చీరాలలో కొత్త పంపు దొరికింది. పాతది ఊడదీసి మేస్త్రి నా అరచేతిలో పెట్టాడు. బయట బెల్టు చక్రం నున్నగా, కొత్తదానిలా ఉంది. లోపలి రెక్కల బిళ్ల మాత్రం తుప్పుకు అంచులు తినేసి, నడిమి కడ్డీ దగ్గర వదులైపోయింది. కడ్డీ గట్టిగా పట్టుకుని బిళ్లను వేలితో నెడితే గిరగిరా తిరిగింది. బయటినుంచి చూస్తే బెల్టు తిరుగుతోంది, చక్రం తిరుగుతోంది, లోపల నీళ్లు మాత్రం నిలబడిపోయాయి. ఏళ్ల తరబడి సాగిన తుప్పు, ఆఖరి పట్టు వదిలింది మాత్రం ఆ ఒక్క రాత్రి. అందుకే ముల్లు ముందుగా ఏ సూచనా ఇవ్వలేదు.

పైపులన్నీ ఎర్రనీళ్లు పోయేదాకా కడిగి, కూలెంట్ నింపి, గాలి తీసి, ముల్లు సగం దగ్గర నిలబడ్డాక గానీ ఆయన మమ్మల్ని వదల్లేదు. భోజనాల వేళకు రేపల్లె చేరాం.

కూలెంట్ అంటే మంచు దేశాలవాళ్లకు కావలసిన సరుకని మన దగ్గర గట్టి నమ్మకం. అది లోహానికి తుప్పు పట్టకుండా కాస్తుంది, నీళ్లు మరిగే వేడినీ పెంచుతుంది. ఒంగోలు నుంచి రేపల్లె దాకా సముద్రం ఒడ్డున చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఈ జిల్లాలవాళ్లకు కూలెంట్ అవసరం ఇంకా ఎక్కువ.

బండి ఉన్నవాళ్లకు ఒక విన్నపం. రేపు పొద్దున ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ డబ్బా మూత తీసి రంగు చూడండి. ఎర్రమట్టి రంగులో ఉంటే ఈ వారంలోనే కడిగించి, మీ బండి పుస్తకంలో రాసిన కూలెంటే పోయించండి. దారిలో ముల్లు ఎర్రగీత ఎక్కితే ఏసీ కట్టేసి, పక్కకు తీసి ఆపండి. మూత జోలికి మాత్రం గంట దాకా పోకండి.