‘ప్రొటెస్టంటు’ పదము: పుట్టుపూర్వోత్తరములు

అండమాను నికోబారు దీవులలో రోమను కథోలికుల దేవాలయములును, ప్రొటెస్టంటుల దేవాలయములును గలవు. ఈ రెండవ పేరు వినగానే ‘ఎదిరించువారు’ అను అర్థమే పలువురికి స్ఫురించును. అది సగము అర్థము మాత్రమే. ఈ పదమునకు మూలమైన లాటిను ధాతువునకు బహిరంగముగా సాక్ష్యము పలుకుట యని అర్థము.

1517లో మార్టిన్ లూథరు విట్టెన్‌బర్గు నగరమున పాపపరిహార పత్రముల విక్రయమును ఆక్షేపించుచు 95 ప్రతిపాదనలను ప్రకటించెను. అయినను ఈ పేరు నాడు పుట్టలేదు. పండ్రెండేండ్ల పిమ్మట, లూథరు లేని సభలో పుట్టినది. జర్మనీలోని స్పైయరు నగరమున 1526లో కూడిన సామ్రాజ్యసభ, మతవిషయమున ఏ సంస్థానము వారు తమ మనస్సాక్షి ననుసరించి నడచుకొన వచ్చునని ఏకగ్రీవముగా తీర్మానించెను. 1529లో అచ్చటనే కూడిన సభ, అధికసంఖ్యాకుల బలముతో దానిని రద్దుపరచెను. అంతట సాక్సనీ ప్రభువు జాన్, హెస్సె ప్రభువు ఫిలిప్ మొదలగువారు ఏప్రిల్ 19వ తేదీన తమ అసమ్మతిని ప్రకటించిరి. 14 స్వతంత్ర నగరములు వారితో చేరినవి.

అది తిరుగుబాటు కాదు. కమిటీ నిర్ణయమునకు సమ్మతింపజాలని సభ్యుడు తన భిన్నాభిప్రాయమును దస్త్రమున నమోదు చేయించుట వంటిది. ఏకగ్రీవ తీర్మానమును సంఖ్యాబలముతో త్రోసిపుచ్చరాదనియు, ఆత్మరక్షణ విషయమున ప్రతివాడును తనకుతానే దేవునికి ఉత్తరవాది యనియు వారి వాదము. అయితే ఆ సభయే పునర్బాప్తిస్మ వాదులకు మరణదండన విధింపగా, దానిని వీరు ఆక్షేపింపలేదు. తమకు కోరిన స్వేచ్ఛను అన్యులకు ఈయవలెనను పాఠమును ఐరోపా నేర్చుటకు ఇంకను శతాబ్దములు పట్టెను.

ఈ ఉద్యమపు అల తరంగంబాడి మీదుగా నికోబారు తీరమును తాకినది. డేనుల స్థావరమైన ఆ రేవునకు వచ్చిన మొరేవియను సోదరులు 1768లో నాన్‌కౌరీ దీవి చేరిరి. జ్వరములకు అనేకులు బలికాగా, 1787లో ఆ ప్రయత్నమును విరమించిరి. ఆ రేవుననే దిగిన లూథరను బోధకుడు బెంజమిన్ షుల్జ్, అంతకుముందే మద్రాసు చేరి, తెలుగు నేర్చి, బైబిలును తెనిగించి యుండెను.

నికోబారులో ఆ కార్యము ద్వీపవాసి చేతనే నెరవేరినది. కారు నికోబారున 1884లో జన్మించిన జాన్ రిచర్డ్‌సన్, బర్మాలో చదివి వచ్చి, ఉపాధ్యాయుడై, కొత్త నిబంధనను స్వభాషలోనికి అనువదించెను. 1952లో తొలి లోక్‌సభకు నామినేటు చేయబడెను. 1966లో ఈ దీవుల ప్రథమ బిషప్పయ్యెను.

1970లో ఈ దీవుల ఆంగ్లికను సంఘము ఉత్తర భారత సంఘములో చేరెను. అంతకుముందే 1947లో, ఆంధ్రదేశపు పలు సంఘములు చేరిన దక్షిణ భారత సంఘము ఏర్పడెను. ఆ రెండు పేర్లలోను ‘ప్రొటెస్టంటు’ అను మాట కానరాదు. నాటి వివాదము నుండి పుట్టిన పేరు వెనుకకు తగ్గినను, విశ్వసించిన దానిని తన వారికి తన నుడిలో వినిపించుటయను తొలి అర్థము, రిచర్డ్‌సన్ అనువాదమున నిలిచియున్నది.