పావుగంట

మాది రామసముద్రం. చిన్నప్పుడు ఏం కావాలన్నా పుంగనూరు వెళ్లేవాళ్లం. ఆ ఊరి కబుర్లు మూడొందల ఏళ్ల కిందటే పారిస్‌లో అచ్చయ్యాయని తెలిసింది మాత్రం ముప్పై దాటాకే.

18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్ ఫాదర్లు పెట్టిన కర్ణాటక మిషన్‌కి పుంగనూరు తొలి మజిలీల్లో ఒకటి. కాషాయం కట్టారు, మాంసం మానేశారు, తెలుగు నేర్చుకున్నారు. చూసేవాళ్లకి సన్యాసులే.

కానీ వాళ్ల సంఘాన్ని స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా (1491–1556) అడిగిన వైరాగ్యం బట్టల్లో కనిపించేది కాదు. 1548లో అచ్చయిన ‘ఆధ్యాత్మిక సాధనలు’లో, రోజూ మనసు లెక్క చూసుకోమంటాడు. ముందు అందినవాటికి కృతజ్ఞత. తర్వాత గంటగంటకీ ఏం చేశాం, ఏం అనుకున్నాం, ఎక్కడ తప్పాం. పేరొచ్చినా అవమానమొచ్చినా, ఇదే కావాలని ముందే పట్టుబట్టకుండా ఉండగలగాలి. అడవికి పొమ్మనలేదు, పనిలో ఉంటూనే పట్టు సడలించమన్నాడు.

మరి సంఘమే రద్దయిపోతే? పావుగంట ప్రార్థనతో తేరుకుంటానని ఆయన అన్నట్టు సహచరులు రాసుకున్నారు.

1773లో పోప్ నిజంగానే రద్దు చేశాడు. అప్పటికి ఈ మిషన్‌లో దశాబ్దాలు పనిచేసిన కేర్దూ వయసు ఎనభై దాటింది. తెలుగు నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకులకీ ఉన్న చుట్టరికం గురించి 1767లో పారిస్ అకాడమీకి రాసి పంపాడు. అది 1808 దాకా అచ్చుకాలేదు. ఈలోగా, 1786లో, విలియం జోన్స్ కలకత్తాలో అదే సంగతి చెప్పి పేరు తెచ్చుకున్నాడు. మన ఆచారాల మీద కేర్దూ రాసిందేమో అబే దుబోయ్ పేరున్న పుస్తకంలో కలిసిపోయింది. ఆ సంగతి 1987లో సిల్వియా మూర్ బయటపెట్టేదాకా ఆ ఘనత దుబోయ్‌దే. కేర్దూ 1779లోనే పుదుచ్చేరిలో పోయాడు.

వీళ్లని మహాత్ములని చెయ్యక్కర్లేదు. మతం మార్చడానికే వచ్చారు. ఇక్కడి దేవుళ్ల దగ్గర ఆ సమభావం ఏమీ చూపించలేదు. అయినా ఆ పావుగంట నన్ను వదల్లేదు.

పోయినేడు నేను ఆరు నెలలు రాసిన కోడ్ ఇంకొకరి పేరుతో మీటింగులో తెరమీద కనపడింది. నేను క్రైస్తవుణ్ణి కాను. ఆ రాత్రి మేడెక్కి కూర్చుని, నొప్పి పని గురించా, పేరు గురించా అని లెక్క తీశాను. పని బానే నడుస్తోంది. నొప్పంతా పేరుదే.

పావుగంట చాల్లేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ మేడెక్కుతుంటాను.