లూథర్ చిన్న ప్రశ్నోత్తరి – తెలుగు వచనం: హాలె నుంచి పల్నాడు దాకా

తెలుగు ముద్రణ చరిత్రలో 1746వ సంవత్సరానికి ప్రత్యేక స్థానం ఉంది. ఆ ఏడు జర్మనీలోని హాలె నగరంలో మార్టిన్ లూథర్ రచించిన చిన్న ప్రశ్నోత్తరి తెలుగు లిపిలో అచ్చయింది. తొలి తెలుగు ముద్రిత గ్రంథాల ప్రస్తావన రాగానే దీని పేరు చెప్పడం పరిపాటి. అయితే తొలి అచ్చు పుస్తకమన్న గౌరవం దక్కడంతోనే దానిపై చర్చ ముగిసిపోతున్నది. అది ఎటువంటి పుస్తకం, ఎందుకు ప్రశ్న – జవాబు రూపంలో ఉంది, దాని వెనుక ఉన్న మతసిద్ధాంతం భాష గురించి ఏమి కోరింది అన్న ప్రశ్నలు వెనుకబడిపోయాయి. ఆ ప్రశ్నలను ముందుకు తెచ్చి, లూథరన్ సంఘజీవనానికీ తెలుగు వచనానికీ మధ్య ఏర్పడిన సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రశ్నోత్తరి స్వరూపం

1528 ప్రాంతంలో సాక్సనీ గ్రామాల్లోని సంఘాలను సందర్శించిన లూథర్, అక్కడి ప్రజలకే కాక పలువురు బోధకులకు కూడా క్రైస్తవ విశ్వాసపు ప్రాథమిక విషయాలు తెలియకపోవడం గమనించాడు. దాని ఫలితమే 1529లో వెలువడిన చిన్న ప్రశ్నోత్తరి. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, బాప్తిస్మం, ప్రభువు బల్ల అనేవి అందులో ప్రధాన భాగాలు. మూలవాక్యం చెప్పించిన వెంటనే దాని అర్థమేమని అడగడం ఈ రచన పద్ధతి. దీనిని ఇంటిల్లిపాదికీ నేర్పవలసిన బాధ్యత కుటుంబ యజమానిది.

లూథర్ బోధకులకు చేసిన సూచనల్లో రెండు భాషాచరిత్రకు ముఖ్యమైనవి. సామాన్యులకు అర్థమయ్యేంత సరళంగా చెప్పడం మొదటిది. ఒకసారి ఎంచుకున్న పాఠాన్ని ఏటేటా మార్చకుండా అవే మాటల్లో నేర్పడం రెండవది. పాఠం మారితే పిల్లలూ చదువురానివారూ తికమకపడతారని ఆయన అభిప్రాయం. ఒకటి సరళత, మరొకటి స్థిరత. తెలుగు నేలపై ఈ రెండూ చాలాకాలం కలిసి నడవలేకపోయాయి.

షుల్జ్ కృషి

బెంజమిన్ షుల్జ్ (1689–1760) హాలెలో చదివి, 1719లో తరంగంబాడిలోని డేనిష్ – హాలె మిషన్‌కు వచ్చాడు. అప్పటికి కొద్ది నెలల ముందే, అక్కడ తమిళ బైబిలు అనువాదానికి పునాది వేసిన జీగెన్‌బాల్గ్ మరణించాడు. అసంపూర్తిగా మిగిలిన పాత నిబంధన అనువాదాన్ని షుల్జ్ పూర్తిచేశాడు. 1726లో మద్రాసు చేరాక అతని దృష్టి తెలుగు వైపు మళ్లింది. తెలుగువారు గణనీయంగా ఉన్న ఆ పట్టణంలో తమిళంతో మాత్రమే బోధ సాగదన్న గ్రహింపు ఈ మార్పులో కనిపిస్తుంది.

షుల్జ్ 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. బైబిలు తెలుగు అనువాదాన్ని 1732 నాటికి ముగించాడు. అనారోగ్యంతో 1743లో స్వదేశానికి మరలి, హాలెలో తెలుగు అక్షరాలు పోతపోయించి ప్రశ్నోత్తరిని, తరువాత మరికొన్ని చిన్న పుస్తకాలను అచ్చువేయించాడు. కానీ అతని బైబిలు అనువాదం రాతప్రతిగానే మిగిలిపోయింది. వ్యాకరణం 1984లో గాని హాలెలో వెలుగు చూడలేదు. విలియం కేరీ (1814), కాంప్‌బెల్ (1816) వ్యాకరణాలు ఈ మధ్యకాలంలో వెలువడినవే. తెలుగులో కొత్త నిబంధన అచ్చుకావడానికి 1818 దాకా ఆగవలసి వచ్చింది.

బృహద్గ్రంథమైన బైబిలు ఆగిపోయి చిన్న పుస్తకం అచ్చయింది. ఖర్చు ఇందుకు ఒక కారణం కావచ్చు. కానీ లూథరన్ బోధనా క్రమంలో ప్రశ్నోత్తరికి ఉన్న స్థానాన్ని కూడా విస్మరించరాదు. బైబిలు చదవలేనివాడు సైతం నోట నిలుపుకోగల సారమది. అయినా పాఠకులు మద్రాసులోను, అచ్చు హాలెలోను ఉన్నందున 1746 నాటి ప్రతి తెలుగునాట విస్తృతంగా వాడుకలోకి వచ్చిందనడానికి వీలులేదు. ముద్రణలో అది తొలి అడుగే గాని, పఠన సంప్రదాయానికి ఆరంభం వేరే చోట ఉంది.

గుంటూరు, పల్నాడు

1842 జులై 31న అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. కలెక్టర్ హెన్రీ స్టోక్స్ అతనికి ఆశ్రయమిచ్చి సహకరించాడు. హయ్యర్ బడులు తెరిచి, 1849లో పల్నాడులోని గురజాలకు కార్యక్షేత్రాన్ని మార్చాడు. ఉత్తర జర్మన్ మిషన్ ఆరంభించిన రాజమండ్రి క్షేత్రం 1851లో అమెరికన్ లూథరన్లకు సంక్రమించింది. పంతొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో మాల, మాదిగ కుటుంబాలు పెద్దసంఖ్యలో సంఘంలో చేరాయి.

ఒక్కొక్క పాస్టరు కింద అనేక గ్రామాలుండేవి. అందుచేత నిత్య పరిచర్య భారం గ్రామోపాధ్యాయుని మీద పడేది. పగలు బడి, సాయంత్రం ప్రార్థన, ఆదివారం ఆరాధన అతని పనులు. బాప్తిస్మానికి, ప్రభువు బల్లకు సిద్ధపడేవారు ప్రశ్నోత్తరిని వల్లించి అప్పజెప్పవలసి ఉండేది. వల్లెవేయడం తెలుగువారికి కొత్త కాదు. వీధిబడిలో పిల్లలు శతక పద్యాలను అర్థం తెలియకముందే కంఠస్థం చేసేవారు. ప్రశ్నోత్తరిలో మాత్రం అర్థాన్ని అడగడం కూడా వల్లింపులో భాగమే. అక్షరానికి దూరంగా ఉంచబడిన వర్గాల స్త్రీపురుషులు అర్థం చెప్పగలవారుగా పదిమంది ఎదుట నిలబడడం ఈ పద్ధతి తెచ్చిన సామాజిక మార్పు.

ఒక క్రియాపదం

లూథరన్ సిద్ధాంతానికి కేంద్రం, మనిషి తన క్రియలవల్ల కాక విశ్వాసంవల్ల, కృపచేత దేవుని ఎదుట నీతిమంతుడని ఎంచబడతాడన్న బోధ. పుణ్యం, కర్మ, మోక్షం వంటి మాటలకు తెలుగులో వేరే తాత్త్విక చరిత్ర ఉంది. ఈ భావానికి తెలుగు బైబిలు ఎంచుకున్నది ‘తీర్చు’ అనే దేశ్య క్రియ. ‘నీతిమంతులుగా తీర్చబడుట’ అన్న ప్రయోగంలో ‘తీర్పు’ ధ్వనిస్తుంది. న్యాయాధిపతి ప్రకటనగా దీనిని లూథర్ గ్రహించిన తీరుకు అది దగ్గరగా ఉంది. అయితే ‘తీర్చిదిద్దు’ అన్నప్పుడు అదే క్రియ మలచడమనే అర్థమిస్తుంది. దేవుడు మనిషిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతునిగా మలుస్తాడా అన్నదే పదహారో శతాబ్దపు ఐరోపాలో లూథరన్లకూ రోమన్ కాథలిక్కులకూ నడిచిన ప్రధాన వివాదం. ఆ రెండు అర్థాలూ ఒకే తెలుగు ధాతువులో ఇమిడి ఉన్నాయి. ‘నీతిమంతులని’ అన్నచోట తీర్పు, ‘నీతిమంతులుగా’ అన్నచోట మలుపు ముందుకు వస్తాయి. తెలుగులో బోధించే పాస్టరు ఈ సిద్ధాంతాన్ని వివరించాలంటే ప్రత్యయ భేదాన్ని కూడా గమనించవలసి ఉంటుంది.

స్థిరపాఠం, మారిన భాష

1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. అప్పటికే గిడుగు రామమూర్తి ఆరంభించిన వ్యావహారిక భాషోద్యమం బడిపుస్తకాల భాషను ప్రశ్నించింది. తరువాతి దశాబ్దాల్లో పత్రికలు, కథలు వాడుక భాషకు మళ్లాయి. ఆరాధనలో చదివే బైబిలు మాత్రం ‘చున్నాను’, ‘గాక’, ‘యెడల’ వంటి గ్రాంథిక రూపాలను నిలుపుకుంది. స్థిరత సూత్రం గెలిచి, సరళత సూత్రం వెనుకబడింది. పల్నాటి గ్రామంలో నేర్చిన పాఠంతో హైదరాబాదు వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో పెద్దలకు ఆ పాత రూపాలు భక్తి భాషగా నిలిచాయి. నగరంలో పెరిగిన పిల్లలకు అవి వివరణ లేనిదే అర్థం కాని స్థితి వచ్చింది.

ముగింపు

తొలి అచ్చు పుస్తకమన్నది హాలె ప్రతికి దక్కిన గౌరవం. దానికన్నా, తరతరాలుగా ఇళ్లలో, పాకబడుల్లో సాగిన ప్రశ్న – జవాబుల సంభాషణకే తెలుగు వచన చరిత్రలో ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వవలసి ఉంది. వల్లించిన మాటకు అర్థం చెప్పమని అడగడమే ఆ పుస్తకానికి ప్రాణం. అర్థం చెప్పడానికి మరో అర్థం అవసరమైనప్పుడు పాఠం చెక్కుచెదరకుండా నిలిచినా, పద్ధతి ఆగిపోయినట్టే. లూథర్ రెండు సూచనల్లో దేనిని ముందు నిలపాలన్నది నేటి తెలుగు సంఘాలు తేల్చుకోవలసిన ప్రశ్న. భాషాచరిత్రకారులకు అది గ్రాంథిక – వ్యావహారిక చర్చలో ఇంకా తగినంత పరిశీలనకు రాని అధ్యాయం.