ఈల వినిపించని ‘ఎం’

బెర్లిన్ వీధిలో ఒక కుర్రాడు అరచేతిలో సుద్దముక్కతో ‘ఎం’ అని రాసుకుంటాడు. పక్కన ఒక మనిషి నారింజపండు ఒలుస్తున్నాడు. కుర్రాడు ఆ తొక్క మీద కాలు జారినట్టు నటించి, తిట్టుకుంటూ అతని భుజం మీద చరుస్తాడు. కోటు మీద తెల్లటి అక్షరం అచ్చుపడుతుంది. జర్మన్‌లో హంతకుడు అనే మాటకు అది మొదటి అక్షరం. పసిపిల్లల్ని చంపుతున్న ఆ మనిషికి తన వీపున ఏముందో తెలియదు.

ఫ్రిట్జ్ లాంగ్ 1931లో తీసిన ‘ఎం’లోని ఘట్టమిది. భార్య టియా ఫాన్ హార్బోతో కలిసి ఆయన రాసుకున్న కథ. ఆయన తొలి టాకీ. నేపథ్య సంగీతం లేదు. హంతకుడు వేసే ఈల ఉంది, గ్రీగ్ కట్టిన బాణీ. ఆ పాత్ర వేసిన పీటర్ లోరేకు ఈల వేయడం రాకపోతే లాంగే వేశాడు. బెలూన్లమ్మే గుడ్డివాడు చివరికి ఆ ఈలను బట్టే వాణ్ణి పోల్చుకుంటాడు.

దాదాపు 60 ఏళ్ల తర్వాత, 1990లో, అమెరికన్ చిత్రకారుడు జాన్ జె. మ్యూత్ దీన్ని కామిక్‌గా మలచడం మొదలుపెట్టాడు. ఎక్లిప్స్ సంస్థ నాలుగు సంచికలుగా వేసింది. సినిమా పుస్తకం కావడం మనకూ తెలిసిందే. ముళ్లపూడి వెంకటరమణ వెండితెర నవలలు రాశారు. కానీ ఇక్కడ చిక్కు వేరు. చెవితో నడిచే కథను కాగితం మీద పెట్టాలి.

సినిమా ఫ్రేములు చూసి గీసేస్తే పని సులువయ్యేది. మ్యూత్ అలా చేయలేదు. తెలిసినవాళ్లకు వేషాలు వేయించి, సన్నివేశాలు నటింపజేసి, ఫొటోలు తీసి, వాటిని చూసి బొమ్మలు వేశాడు. ఒక సినిమాను కామిక్ చేయడానికి మరో సినిమా తీసినంత పని పెట్టుకున్నాడు. అందులో లోరే ముఖం లేదు. ఆ ఉబ్బుకళ్లు కనబడితే చాలు, మనం నటుణ్ణి తలుచుకుంటాం. ఊరూపేరూ తెలియని ముఖమైతే అది మన పక్కింటివాడిది కూడా కావచ్చు. సినిమాలో ఒక ముసలాయన చిన్నపిల్లకు టైమెంతో చెప్పిన పాపానికి జనం మీదపడతారు. ఆ భయాన్నే మ్యూత్ పట్టుకున్నాడు.

అసలు ఆ సినిమాలోనే ఒక కామిక్ దాగుందని నాకనిపిస్తుంది. ఇంటికి రాని కూతురి కోసం తల్లి “ఎల్సీ!” అని పిలుస్తూ ఉంటుంది. మనకు కనబడేవి: ఖాళీ మెట్లు, బట్టలారేసిన అటక, బల్ల మీద ఎవరూ ముట్టని కంచం, గడ్డిలో దొర్లి ఆగిన బంతి, తీగల్లో చిక్కుకున్న బెలూన్. తెర మీద కాసేపు నిలిచి పోయేవే అవన్నీ. పేజీ మీదైతే ఆ కంచం కదలదు. ఎంతసేపు చూడాలో లాంగ్ చేతిలో లేదు, మన చేతిలో ఉంది. నాలుగు సంచికలూ 2008లో ఒకే పుస్తకంగా వచ్చాయి.

ఈలోగా మ్యూత్ పిల్లల పుస్తకాల వైపు మళ్లాడు. 2005లో వచ్చిన ‘జెన్ షార్ట్స్’లో గాలికి కొట్టుకొచ్చిన గొడుగు కోసం ఒక పెద్ద పాండా ముగ్గురు పిల్లల పెరట్లోకి వస్తుంది. పిల్లలు దానితో స్నేహం చేసి, కథలు చెప్పించుకుంటారు.