ఆకాశమార్గముల కావలి

మా యూరి చెఱువుగట్టుపై సాయంకాలము కూర్చుండు పెద్దలలో నేనును ఒకడను. మొన్న నొకనాడు చీకటి పడువేళ మా తలల మీదుగా విమానమొకటి దీపములు మినుకు మినుకుమనుచు పోవుచుండగా, నా ప్రక్కనున్న వృద్ధు డొకడు, "కాలువకు లస్కరు ఉన్నాడు, రైలుకు సిగ్నలు ఉన్నది. ఆ దారికి కావలి ఎవరయ్యా?" అని యడిగెను. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

మొదట ఆకాశమునకు కావలి లేదు. కావలి యక్కఱయు లేకుండెను. 1911వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన ఆన్రీ పెకే యను ఫ్రెంచి వైమానికుడు అలహాబాదునందు ఇంచుమించు 6,500 ఉత్తరములతో ఎగిరి, యమున దాటి, ఆఱు మైళ్ల దూరమున నున్న నైనీలో దిగెను. ఆ దారిలో ఆయనకు ఎదురు వచ్చువారు లేరు. 1932 అక్టోబరు 15వ తేదీన జె. ఆర్. డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా తెచ్చినప్పుడును ఇంతే. ఆ చిన్న విమానమున రేడియో లేదు. అహమ్మదాబాదులో దానికి పెట్రోలు డబ్బాలను ఎద్దుబండిపై తెచ్చిరి. బొంబాయినుండి ఆ టపా బళ్లారి మీదుగా మద్రాసు చేరెను. నదులను, రైలుకట్టలను చూచుకొనుచు పోవుటయే నాటి మార్గజ్ఞానము.

అయితే ఒకే రైలుకట్టను, ఒకే బాటను ఇరువైపుల నుండియు ఇద్దఱు చూచుకొని వచ్చినచో నేమగును? ఇంగ్లండు ఫ్రాన్సుల నడుమ ఆ సంగతి 1922 ఏప్రిల్ 7వ తేదీన తేలినది. పారిసునుండి లండనునకు ప్రయాణికులతో ఒకటియు, లండనునుండి పారిసునకు టపాతో ఒకటియు, మంచు క్రమ్మిన వేళ తక్కువ యెత్తున, ఒకే బాట ననుసరించి వచ్చి ఢీకొన్నవి. ఏడుగురు మరణించిరి. ప్రయాణికుల విమానములు రెండు ఆకాశమున ఢీకొనుట అదియే ప్రథమము. ఆ పిమ్మట దారికి కుడిప్రక్కగా పోవలెనను కట్టుబాటు ఏర్పడెను. మన బాటపై బండ్లు ఎడమకు తొలగును. ఆకాశమున ఎదురుపడిన విమానములు నేటికిని కుడికే తొలగవలెను.

ఇక ఈ కావలి ఎవరి బాధ్యత? 1919లో పారిసునందు జరిగిన ఒడంబడికలో, ఏ దేశము మీది ఆకాశము ఆ దేశపు ప్రభుత్వమునకు చెందునని నిశ్చయించిరి. 1944 డిసెంబరు 7వ తేదీన చికాగోలో కుదిరిన ఒడంబడిక, ఆ హక్కుతోపాటు ఒక విధినిగూడ తగిలించెను. విమానస్థానములు, రేడియో సహాయము, వాతావరణ సమాచారము, మార్గదర్శన సాధనములు, వీనిని తన భూభాగమున ఏర్పఱచుట ప్రతి ప్రభుత్వమునకు విధి. ఆకాశము నాదని చెప్పుకొన్నవాడు దానికి దీపము పెట్టక తప్పదన్నమాట.

మన దేశమున 1927లో పౌరవిమానశాఖ యేర్పడినది. 1934లో విమానముల చట్టము వచ్చినది. చాలకాలము ఆ శాఖయే నియమములు చేసెను, ఆ శాఖయే కావలియు కాచెను. తీర్పరియు కావలివాడును ఒక్కడే యైనచో, కావలివాని తప్పును విచారించువా డెవడు? కాలక్రమమున ఈ రెండు పనులను వేఱుచేసిరి. 1986లో జాతీయ విమానస్థానముల సంస్థ యేర్పడి కావలిపని తీసికొనెను. 1972లో పుట్టిన అంతర్జాతీయ విమానస్థానముల సంస్థను దానితో కలిపి, 1995 ఏప్రిల్ 1వ తేదీన భారత విమానస్థానముల సంస్థను నెలకొల్పిరి. ఇది ప్రభుత్వపు సొత్తు; కాని కచ్చేరి కాదు. తన ఆదాయవ్యయములు తానే చూచుకొను సంస్థ. నియమములు చేయుటయు, తప్పొప్పులు విచారించుటయు వేఱొక ప్రభుత్వశాఖ పని.

ఈ సంస్థవారి కావలి యెట్లు నడచుచున్నదో చెప్పెదను. విమానము కదలుటకు పూర్వమే వైమానికుడు, తాను ఏ దారిన, ఎంత యెత్తున, ఎంత వేగమున పోవునో వ్రాసి యిచ్చుకొనవలెను. కదలినది మొదలు ఆ విమానము చేతినుండి చేతికి మాఱును. నేలపైనను, ఎగురునప్పుడును, దిగునప్పుడును గోపురమునందలి కంట్రోలరు దానిని కంటితో చూచుచు ఉత్తరువు లిచ్చును. కొంత పైకి పోగానే ఊరి చుట్టుప్రక్కల ఆకాశమును చూచు రెండవవాడు అందుకొనును. ఇంకను ఎత్తునకు పోయిన తర్వాత దూరమార్గములను చూచు మూడవవాడు అందుకొనును. దిగునప్పుడు ఇదే వరుస తలక్రిందులుగా జరుగును. ఏ క్షణమునందును విమానము ఎవరి చేతిలోను లేకుండ ఉండరాదు. ఇదియే ఈ విద్యకు మూలసూత్రము.

రెండవ సూత్రము ఎడము. ఆకాశమును మిద్దె మీద మిద్దెవలె అంతస్తులుగా భావింపుడు. అంతస్తునకు అంతస్తునకు నడుమ వెయ్యి అడుగులు. సామాన్యముగా తూర్పునకు పోవునవి బేసి వేల అడుగుల యెత్తునను, పడమటికి పోవునవి సరి వేల అడుగుల యెత్తునను పోవును. 29,000 అడుగులకు పైన ఎత్తును కొలుచు సాధనములపై అంత నమ్మకము చాలక, పూర్వము రెండువేల అడుగుల ఎడము ఉంచుచుండిరి. సాధనములు మెఱుగుపడగా, 2003 నవంబరు 27వ తేదీ మొదలు మన ఆకాశమునందు 41,000 అడుగుల వఱకు వెయ్యి అడుగుల ఎడమే చాలునని యేర్పఱచిరి. పాత గాదెలోనే మఱికొన్ని అఱలు కట్టినట్లైనది.

ఈ సంస్థ కావలి కాయు ఆకాశము ఇంచుమించు 28 లక్షల చదరపు నాటికల్ మైళ్లు. అందు నేల మీదిదానికంటె సముద్రము మీదిదే యెక్కువ. దీనిని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై ప్రాంతములుగా ప్రధానముగ విభజించిరి. మన తెలుగునాటి ఆకాశములో చాలభాగము చెన్నై ప్రాంతమునకు చెందును. నడిసముద్రమున నేలమీది రాడారుకు చూపు ఆనదు. కావున అచ్చట విమానములే తమ యునికిని రేడియో ద్వారా గాని, ఉపగ్రహము ద్వారా గాని తెలుపుకొనుచుండును. వాని నడుమ ఎడమును ఎక్కువగా నుంచుదురు.

శ్రోతలారా, ఈ ఎడము చెడినచో నేమగునో మన దేశము ఒకసారి చూచినది. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము సౌదీ అరేబియా విమానమొకటి ఢిల్లీనుండి పైకి లేచినది. కజకిస్తాను విమానమొకటి ఢిల్లీకి దిగుచున్నది. నాడు వచ్చుటకును పోవుటకును ఒకటే దారి. మొదటిదానిని 14,000 అడుగులకడను, రెండవదానిని 15,000 అడుగులకడను నిలువుమని కంట్రోలరు చెప్పెను. ఎదురుగా విమానమున్నదని హెచ్చరించెను. కాని దిగుచున్నది 15,000కడ నిలువక క్రిందికి జాఱెను. కంట్రోలరు ముందున్న రాడారు, విమానము ఎచ్చట నున్నదో చూపునదే కాని, ఎంత యెత్తున నున్నదో చూపునది కాదు. హర్యానాలోని చర్ఖీ దాద్రీ యొద్ద రెండును ఢీకొన్నవి. 349 మంది చనిపోయిరి, ఒక్కరును మిగులలేదు. శకలములు పొలములలో పడెను. మొదట పరుగెత్తుకొని వచ్చినవారు మనవంటి పల్లెవారే.

న్యాయమూర్తి లాహోటీ విచారణలో, ఉత్తరువు మీఱి క్రిందికి దిగిన విమానముదే ప్రధానదోషమని తేలెను. ఆ విమానమువారికి ఇంగ్లీషు మాట సరిగా అర్థము కాకపోవుటయు అందు చేరెను. మాట చెప్పుట ఒకటి, మాట చేరుట ఒకటి. అందుచేతనే వైమానికుడు ఉత్తరువును విని ఊరకుండరాదు. దానిని తిరిగి చెప్పవలెను, కంట్రోలరు సరిచూచుకొనవలెను. ఆ దుర్ఘటన పిదప ఢిల్లీలో రాకకు, పోకకు వేఱువేఱు దారు లేర్పఱచిరి. ఎత్తును చూపు రాడారులు వాడుకలోనికి వచ్చెను. విమానములు తమంత తామే ఒండొంటిని కనిపెట్టి హెచ్చరించు యంత్రమును మన దేశమున తప్పనిసరి చేసిరి.

ఇంతటి కావలికి ఖర్చెవరిది? మన కాలువలకు నీటితీరువ యున్నట్లే దీనికిని రుసుము కలదు. విమానపు బరువును, మన ఆకాశమున అది పోయిన దూరమును బట్టి లెక్క కట్టుదురు. మన నేలపై దిగక, పైనుండియే దాటిపోవు పరదేశపు విమానమును చెల్లింపవలసినదే. కాని యొక సూక్ష్మమున్నది. కేవలము దాటిపోవనిచ్చినందుకు సుంకము గొనరాదనియు, అదేవిధమైన అంతర్జాతీయప్రయాణము చేయు స్వదేశవిమానముకంటె పరదేశివద్ద ఎక్కువ గొనరాదనియు చికాగో ఒడంబడిక చెప్పుచున్నది. ఇది దారిసుంకము కాదు, కావలికూలి.

ఈ పనిని ప్రభుత్వమే చేయవలెనా యని కొందఱడుగుదురు. కెనడాలో 1996లో దీనిని లాభాపేక్షలేని ప్రత్యేకసంస్థకు అప్పగించిరి. మన దేశమున విమానస్థానములను కొన్నింటిని కంపెనీల కిచ్చిరి. 2008 మార్చిలో ప్రారంభమైన శంషాబాదు విమానస్థానము అట్టిదే. అచ్చట భవనములు, రన్‌వే కంపెనీవారి యాజమాన్యమున నడచును. కాని గోపురమున కూర్చుండి విమానమునకు దారి చెప్పువారు ప్రభుత్వసంస్థవారే. సంతను గుత్తకు ఇయ్యవచ్చును. సంతకు పోవు దారిని ఇచ్చుటకు మన ప్రభుత్వము ఇంకను ఒడంబడలేదు. నా మట్టుకు, కావలివాడు ఎవరి జీతగాడన్నదానికంటె, వానికి మంచి సాధనములు, చాలినంత నిద్ర, తప్పును దాచక చెప్పగల ధైర్యము కలవా లేవా యనునదే ముఖ్యమని తోచుచున్నది. ఢిల్లీలో 1996లో మాట ఇచ్చిన కంట్రోలరు మెలకువగానే యుండెను. కొఱవడినది చూచుటకు సాధనము.

చెఱువుగట్టున నన్నడిగిన వృద్ధునకు ఇదంతయు చెప్పితిని. ఆయన కొంతసే పూరకుండి, "అయితే వాడు మన లస్కరువంటివాడే. నీరు వానిది కాదు, చేను వానిది కాదు, వాడు నిద్రపోయిన రాత్రియే వాని విలువ తెలియును" అనెను. అంతకంటె నేను చెప్పవలసినది లేదు. ఇక రాత్రివేళ మీ యింటి మీదుగా దీపమొకటి కదలిపోవుట చూచినప్పుడు, చెన్నైలోనో హైదరాబాదులోనో ఒక చీకటిగదిలో తెఱపై ఆ దీపమునే చూచుచు మేలుకొనియున్న మనిషిని ఒక్కమాఱు తలచుకొనుడు.