సామాజిక మాధ్యమ వాదములు – ఆంగ్ల విద్యార్థులకు అభిప్రాయరచనా శిక్షణము

ఆంగ్లము మాతృభాష కాని విద్యార్థులకు, వివాదాస్పదమైన యొక విషయముపై తమ అభిప్రాయమును స్పష్టముగా ప్రకటించి, హేతువులతో సమర్థించి, ఎదుటివారి యాక్షేపములకు సమాధానము చెప్పునట్లు వ్రాయు నేర్పును, ఫేస్‌బుక్, ట్విట్టర్ (నేటి ఎక్స్) మొదలగు సామాజిక మాధ్యమములలో నడచు వాదప్రతివాదముల యాధారముతో అలవరచు బోధనాపద్ధతి యిది.

చిరకాలముగా తరగతిగదిలోని అభిప్రాయవ్యాసమునకు పాఠకుడు లేడు. ప్రశ్న యొకటి నల్లబల్లపై వ్రాయబడును. విద్యార్థి లాభములు కొన్ని, నష్టములు కొన్ని పేర్కొని, తా నెవరి నొప్పింపవలెనో యెరుగకయే ముగించును. ఆంగ్లభాషా సామర్థ్యమును కొలుచు ఐఈఎల్‌టీఎస్ పరీక్షలోని రెండవ రచనాప్రశ్న నేటికిని 40 నిమిషములలో కనీసము 250 మాటల వ్యాసమును కోరుచున్నది. అట్టిదే యైన టోఫెల్ పరీక్ష మాత్రము 2023 జూలైలో మార్గము మార్చుకొని, అంతవరకు 30 నిమిషములు కేటాయించిన స్వతంత్రవ్యాసమును తొలగించి, అధ్యాపకుని ప్రశ్నను, దానిపై ఇద్దరు సహాధ్యాయులు వ్రాసిన సమాధానములను ముందుంచి, 10 నిమిషములలో కనీసము 100 మాటలతో ఆ చర్చలో పాల్గొనుమని అభ్యర్థిని కోరు ప్రశ్నను ప్రవేశపెట్టెను. అమెరికా విశ్వవిద్యాలయములలో ప్రవేశమునకై ఈ పరీక్ష వ్రాయు తెలుగు విద్యార్థులు అనేకులు గనుక, ఈ మార్పు మన యుపాధ్యాయులు గమనింపదగినది.

బోధనాక్రమమునకు ఉదాహరణముగా పాఠశాలలలో సెల్‌ఫోన్ల నిషేధమును తీసికొనవచ్చును. 2018లో ఫ్రాన్సు దేశము సుమారు 15 ఏండ్ల వరకు గల విద్యార్థులు చదువు పాఠశాలలలో వాని వాడుకను శాసనముచే నిషేధించినది గనుక, ఇది కేవలము ఊహాజనితమైన ప్రశ్న కాదు. ఉపాధ్యాయుడు ఈ విషయముపై వెలువడిన వ్యాఖ్యలను కొన్నింటిని ఏరి, వ్రాసినవారి పేర్లు తొలగించి, విద్యార్థుల కిచ్చును. బ్రిటిష్ తత్త్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో ప్రకటించిన గ్రంథమున వాదమును ప్రతిపాదనముగా, దానికి ఆధారముగా, ఆ రెంటిని కలుపు సూత్రముగా విడదీసి చూపెను. విద్యార్థులును అట్లే ప్రతి వ్యాఖ్యను పరిశీలించి, ఏది ఆధారముతో నిలిచినదో, ఏది వట్టి కోపమో నిర్ణయింతురు. అటుపిమ్మట, తాము అంగీకరింపని వ్యాఖ్యలలో మిక్కిలి బలమైనదానిని ఎన్నుకొని, దానిని వ్రాసినవాడే చదివి ‘ఔను, నే నన్నది ఇదియే’ యనునంత న్యాయముగా తమ ఆంగ్లములో తిరిగి చెప్పి, ఆ పిదపనే సమాధానము వ్రాయవలెను. ఈ పద్ధతి కంతటికిని ప్రాణము ఈ మెట్టే. పూర్వపక్షమును యథాతథముగా నిలిపి పిమ్మట సిద్ధాంతమును స్థాపించుట మన శాస్త్రగ్రంథముల సంప్రదాయమే గనుక, తెలుగు విద్యార్థికి ఇది పరాయి విద్య కాదు.

మన తర్కశాస్త్రమునకు మూలమైన న్యాయసూత్రములు తత్త్వనిర్ణయమునకై సాగునది వాదమనియు, గెలుపునకై సాగునది జల్పమనియు, తన పక్షమేదియు స్థాపింపక ఎదుటివాని ఖండనమే పనిగా పెట్టుకొన్నది వితండయనియు విభజించినవి. సామాజిక మాధ్యమములలో ఈ మూడును కలగలిసి యుండును. వానిని వేరుపరచి చూపుటయే ఉపాధ్యాయుని మొదటి విధి. త్వరితముగా, సంక్షిప్తముగా స్పందింపుమని ఆ వేదికలు ప్రేరేపించును. ట్విట్టరు తొలుత 140 అక్షరములకును, 2017లో 280 అక్షరములకును సందేశమును పరిమితము చేసినది. సంక్షిప్తత ప్రారంభదశలోని విద్యార్థికి ధైర్యము నిచ్చుట నిజమే. కాని రెండు వాక్యముల వ్యాఖ్యను పేరాగా, పేరాను వ్యాసముగా పెంచనిచో శిక్షణము అసంపూర్ణమే. ‘అందరు’, ‘ఎల్లప్పుడు’ అని తీర్మానించుటకు మారుగా ‘తరచుగా’, ‘కొన్ని సందర్భములలో’ అని పరిమితము చేయు ఆంగ్లపదములును, ఎదుటివాని మాటలో సత్యమున్నంతమేర ఒప్పుకొని ముందుకు సాగు వాక్యనిర్మాణములును ఈ దశయందే నేర్పవలెను. వ్యాఖ్యలలోని సంగతులను మూలాధారములతో సరిచూచుకొనక వాడరాదు.

పిల్లలను బహిరంగ వేదికలపైకి పంపుట మాత్రము తగదు. అమెరికాలో 1998 నాటి శాసనము 13 ఏండ్లలోపు వారి వివరములను సేకరించుటకు తల్లిదండ్రుల యనుమతిని విధించినది. భారతదేశమున 2023 నాటి శాసనము 18 ఏండ్లు నిండనివారి నందరిని ఆ రక్షణలో చేర్చినది. శాసనము లేకున్నను, అపరిచితుల తిట్లకు గురియైన బాలిక మరల కలము పట్టుటకు జంకును గదా. కావున ఉపాధ్యాయులు తరగతికి మాత్రమే పరిమితమైన బృందమును ఏర్పరచుకొనవలెను. అంతర్జాలము లేని పాఠశాలలో, ఒకరు వ్రాసిన కాగితముపై మరియొకరు సమాధానము వ్రాసి మూడవవారి కందించినను ఈ శిక్షణము చక్కగా సాగును.